నీడపట్టున ఒక రాజు

కొత్త మొక్క ఇంటికి రాగానే ఎండ బాగా తగిలే చోటు చూసి పెడతాం. పొద్దున్నే చెంబుడు నీళ్లు పోస్తాం. తులసికీ, మందారానికీ, కరివేపాకుకీ అలవాటుపడ్డ చెయ్యి మనది. బెగోనియాకీ అదే మర్యాద చేస్తాం. పదిహేను రోజులు తిరగకుండానే అది మొదలు దగ్గర మెత్తబడి, ఒక పక్కకి ఒరిగిపోతుంది. ‘ఇవి మన వాతావరణానికి ఆగవండీ’ అనేసి కుండీ ఖాళీ చేస్తాం.

నేనూ రెండుసార్లు అదే మాట అన్నాను. మూడోసారి కుండీని బాల్కనీలోంచి తీసి, హాల్లో తూర్పు కిటికీ పక్కన స్టూలు మీద పెట్టాను. నీళ్లు సగానికి తగ్గించాను. ఆ మొక్క ఇప్పుడు మూడేళ్లది. చల్లగా ఉండాలని తెరలు వేసి మసక చేసుకునే మన ఇళ్లకి ఇంతకన్నా తగిన మొక్క లేదని నా గట్టి నమ్మకం.

దాని ఆకు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. తమలపాకుని ఒక కొసన పట్టుకుని పక్కకి లాగినట్టుంటుంది. తొడిమకి అటు భుజం పెద్దది, ఇటు భుజం చిన్నది. బెగోనియా ఆకుల్లో ఎక్కువగా కనిపించే వంకర ఇది. మధ్యలో ఈనెల వెంట ముదురు పచ్చ, చుట్టూ వెండి పూత, అంచున వంగపండు రంగు. తిరగేస్తే అడుగంతా ఎరుపు, ఈనెల మీద సన్నటి నూగు. కొన్ని రకాల్లో ఆ వెండి మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. ఆకు పైపొరకీ దాని కింది కణాలకీ మధ్య సన్నటి గాలి సందులుంటాయి. వెలుతురు అక్కడ తగిలి వెనక్కి మళ్లి, మన కంటికి వెండిలా కనిపిస్తుంది.

ఇదంతా అడవి నేర్పిన విద్య. పెద్ద చెట్ల అడుగున, ఎండ చుక్కలు చుక్కలుగా రాలే చోట చాలా బెగోనియాలు పుట్టాయి. మలేసియా అడవుల్లో పెరిగే పవోనినా అనే రకం ఆకులు నెమలి నీలంలో మెరుస్తాయి. ఆ నీలం ఎందుకో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో వివరించారు. ఆకు కణాల్లో హరితం ఉండే భాగాలు పొరలు పొరలుగా, లెక్కగా పేర్చినట్టుంటాయి. అవి నీలి కాంతిని తిప్పికొట్టి, అడవి అడుగుకి చేరే పచ్చ, ఎరుపు కాంతిని బాగా పీల్చుకుంటాయి. మసక వెలుతురులో ఆహారం తయారుచేసుకునే సామర్థ్యం దాంతో 5 నుంచి 10 శాతం పెరుగుతుందట. అలాంటి మొక్కని తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకు మాడకేం చేస్తుంది?

మన ఈశాన్యం ఆడపడుచు

బెగోనియా అన్న పేరు ఫ్రెంచివాళ్లది. వృక్షశాస్త్రం చదివిన షార్ల్ ప్లూమియే అనే క్రైస్తవ సన్యాసి, మిషెల్ బెగోన్ అనే అధికారి గౌరవార్థం పెట్టాడు. ఈ ప్రజాతిలో ఇప్పటికి 2,000కి పైగా జాతులు లెక్కతేలాయి. కానీ ఇళ్లలో ఆకు అందం కోసం పెంచే రంగురంగుల రెక్స్ రకాలకి మూలమైన మొక్క మాత్రం అస్సాం నుంచి వెళ్లింది. 1850లలో ఐరోపా చేరింది. 1857లో పుట్జేస్ అనే శాస్త్రవేత్త దానికి ‘రెక్స్’ అని పేరుపెట్టాడు. లాటిన్‌లో రాజు అని అర్థం. అక్కడి తోటమాలులు దాన్ని వేరే జాతులతో కలిపి, వందల రంగుల్లో సంకరాలు పుట్టించారు.

ఈశాన్య రాష్ట్రాల్లో కొన్ని బెగోనియాల కాడల్ని పులుపు కోసం వండుకుంటారు, మనం చుక్కకూర వేసుకున్నట్టు. రెండింటి పులుపూ ఆక్సాలిక్ ఆమ్లానిదే. అలాగని కుండీలోది కోసి కూరలో వెయ్యకండి. ఇంట్లో పిల్లులు, కుక్కలు ఉంటే వాటికీ అందనివ్వద్దు.

నీళ్ల చెయ్యి బిగపట్టాలి

రెక్స్ కాండం పసుపు కొమ్ములా మట్టి మీద పాకుతుంది. వేళ్లు సన్నం, పైపైనే ఉంటాయి. కాబట్టి లోతు తక్కువ కుండీ చాలు. కొబ్బరి పొట్టు, బాగా మాగిన ఆకుల ఎరువు, కాస్త పెర్లైట్ కలిపితే నీరు నిలవదు. కొమ్ముని మట్టిలో పూడ్చేయకూడదు. చూపుడు వేలు మొదటి కణుపు దాకా మట్టిలోకి దించి చూడాలి. పొడిగా తగిలితేనే నీళ్లు. ఆకుల మీద చల్లితే తెగుళ్లు పట్టుకోవచ్చు.

నీళ్లు వద్దంటుంది గానీ గాలిలో తేమ కావాలంటుంది. కోస్తావాళ్లకి ఆ లోటుండదు. హైదరాబాద్ వేసవిలో మాత్రం పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్లు మునగకుండా నీళ్లు పోసి, వాటి మీద కుండీ పెట్టాలి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. చలికాలంలో కొన్ని మొక్కలు ఆకులు రాల్చేసి మోడుగా మిగులుతాయి. కొమ్ము గట్టిగా ఉంటే పారేయకండి, నిద్రపోతోందంతే.

ఇక పెట్టే చోటు సంగతి. వెండి ఆకుల రెక్స్‌ని కంటికి కింద ఎత్తులో, అటక మీద పడున్న ఇత్తడి గంగాళంలో దించి చూడండి. బ్రెజిల్ నుంచి వచ్చిన మాక్యులేటా అనే బెగోనియాకి తెల్లచుక్కలు పైన, ఎరుపు అడుగున. దాన్ని ఎత్తైన అల్మరా మీద పెడితేనే ఆ ఎరుపు కనిపిస్తుంది.

పోయిన వానాకాలం పక్కింటి పిన్నిగారు ఒక ఆకు అడిగారు. మొక్క కాదు, ఆకే. రెక్స్‌కి అది చాలు. ముదిరిన ఆకు తుంచి, అడుగున లావు ఈనెల్ని బ్లేడుతో నాలుగుచోట్ల కోశాం. తడి కొబ్బరి పొట్టు మీద బోర్లించకుండా పరిచి, గాట్లు పొట్టుకి ఆనేలా చిన్న రాళ్లు పెట్టి, పైన పారదర్శకమైన డబ్బా మూతపెట్టాం. మూడు వారాలు ఏమీ లేదు. ఆవిడ రోజూ మూత ఎత్తి చూసేవారు. ఆరో వారంలో నన్ను పిలిచారు. ఒక గాటు దగ్గర ఎర్రటి నూగుతో చిట్టి ఆకు లేచింది. చిటికెన వేలి గోరంత కూడా లేదు. అప్పటికే దానికి ఒక భుజం పెద్దది, ఒక భుజం చిన్నది.