ఉదయగిరి దుర్గం

మార్కాపురం నుండి కనిగిరి, పామూరు మీదుగా దక్షిణ దిశగా పయనించే యాత్రికునికి, నెల్లూరు జిల్లాలో ప్రవేశించిన పిదప వెలిగొండల నడుమ నిట్టనిలువుగా లేచిన ఒక కొండ గోచరిస్తుంది. అదే ఉదయగిరి. దాని ఎత్తు 3,000 అడుగులకు పైగా ఉంటుంది. కొండపైన, పాదభాగాన ప్రాకారాలు, బురుజులు, దేవాలయాల శిథిలాలు, పారశీక శాసనాలు గల మసీదు నేటికీ కనిపిస్తాయి.

రాయలసీమకు, నెల్లూరు తీరానికి మధ్యగల మార్గాలపై ఈ కొండకు పట్టు ఉండేది. అందుచేతనే రాజులెందరో దీనికై పోరాడారు. పదిహేనవ శతాబ్దంలో ఇది కళింగ గజపతుల వశమైంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో దీనిని ముట్టడించి, 1514లో జయించాడు.

ఈ యుద్ధాన్ని గురించి వ్రాసిన వారిలో న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు ఒకడు. పోర్చుగీసువారు 1510లో గోవాను ఆక్రమించి, విజయనగరానికి గుర్రాలు విక్రయిస్తూ ఉండేవారు. ఆ వ్యాపారం మీదనే వచ్చిన న్యూనిజ్ 1535 ప్రాంతాన విజయనగరంలో నివసించాడు. ఆకలితో మాడ్చితే తప్ప ఈ కోట లొంగదని, అందువలన ముట్టడి ఏడాదిన్నర సాగిందని అతడు తెలిపాడు. సైన్యం కోటను సమీపించడానికి రాయలు పెద్ద పెద్ద బండలను పగులగొట్టించి బాట వేయించాడట! ఆ ఏటవాలు కొండను స్వయంగా చూచినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు.

అయితే న్యూనిజ్ ముట్టడిని కన్నులారా చూచినవాడు కాడు. ఇరువది సంవత్సరాల తరువాత ఇతరుల నోట విన్నదే వ్రాశాడు. కోటలో గజపతి పినతల్లి వంటి బంధువురాలు పట్టుబడినదని అతడు చెప్పగా, శాసనాలు మాత్రం గజపతికి పినతండ్రి వరుసయైన తిరుమల రౌతరాయలు బందీ అయినాడని చెప్పుచున్నవి. యుద్ధానంతరం వేయించిన శాసనాలు ఆ కాలానికి సన్నిహితమైనవి. కాని అవి విజేత వేయించినవి. ముట్టడిలోని శ్రమను వర్తకుడు తెలిపితే, బందీ పేరును శాసనం తెలిపింది. ఒకదాని కొరతను మరొకటి పూరించినది.

రాయలు ఉదయగిరి నుండి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తరలించి, 1515లో దేవాలయం నిర్మించి ప్రతిష్ఠించాడు. నేడా విగ్రహం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. పశ్చిమ ప్రకాశం ప్రజలకు కూడ ఈ యుద్ధంతో సంబంధమున్నది. గజపతితో సంధి కుదిరిన పిదప రాయలు ఆయన కుమార్తెను వివాహమాడాడు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి కంభం చెరువును నిర్మింపజేసిన వరదరాజమ్మ ఆ రాకుమార్తెయేనని ఈ ప్రాంతంలో ప్రతీతి. ప్రతీతి శాసనంతో సమానం కాదు. అయినను, పరాయి రాజ్యం నుండి వచ్చిన ఆడపడుచును ప్రజలు నీటి చెంత స్మరించుకొనడం గమనింపదగినది.

గ్రంథం పోయినచో వేరొక ప్రతి లభించవచ్చును. న్యూనిజ్ రచన ప్యారిస్‌లోని వ్రాతప్రతిలో నిలిచి, 1897లో ముద్రితమైంది. 1900లో సీవెల్ ఆంగ్లానువాదం వలన మనకు చేరువైంది. కాని కొండపై రాయికి రెండవ ప్రతి లేదు. నిధుల ఆశతో గోడ త్రవ్వినను, పేర్లు చెక్కి శాసనాక్షరాలను చెరిపినను, ఒక సాక్ష్యం శాశ్వతంగా నశిస్తుంది. అటుపిమ్మట ఆ వర్తకుని మాటలోని నిజానిజాలను సరిచూచుకొనే ఆధారం ఉండదు. కోటను దర్శించేవారు అక్కడి రాళ్ళను చెక్కుచెదరకుండా విడిచి రావడమే చరిత్రకు చేయగల మేలు.