కొండ పేరున్న గాయకుడు



ఈసారి మన గోడపత్రికలో ఒక పాటగాడి గురించి చెప్పుకుందాం. ఆయన సినిమా పాటగాడు కాదు. మన దేశం వాడూ కాదు. పేరు బ్రిన్ టెర్వెల్. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ పేరులో ‘ఎఫ్’ అక్షరం ఉంటుంది. కాని వెల్ష్ భాషలో ఒక్క ‘ఎఫ్’ వస్తే ‘వ’ అని పలకాలి. ఇంకో తమాషా, ఆ భాషలో ‘బ్రిన్’ అంటే కొండ. మనలో సగం మందిమి కొండల మీద ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే కాబట్టి ఈ పేరు మనకు సులువుగానే గుర్తుంటుంది.

ఒపెరా అంటే ఏమిటి?

ఒపెరా అంటే పాటతో నడిచే నాటకం. మన యక్షగానం, పద్యనాటకం చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. రాజు కోపం, ప్రేమికుల గొడవ, దేవుడి శాపం, అన్నీ పాడుతూనే చెబుతారు. స్టేజీ ముందు గుంటలాంటి చోట వాద్యబృందం కూర్చుంటుంది. అందులో అరవై, ఎనభై, ఒక్కోసారి వందమంది కూడా ఉంటారు. ఇంతమంది వాయిస్తున్నా గాయకుడి దగ్గర మైకు ఉండదు! న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా హాలులో సుమారు 3,800 సీట్లు ఉన్నాయి. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఉత్త గొంతుతోనే వినపడాలి.

మగ గొంతుల్లో ముఖ్యంగా మూడు రకాలు చెబుతారు. పైస్థాయి గొంతు టెనర్, నడిమి గొంతు బారిటోన్, కింది గొంతు బాస్. బారిటోన్‌కూ బాస్‌కూ మధ్య ఉండేది బాస్-బారిటోన్. బ్రిన్ టెర్వెల్‌ది ఈ గొంతే. కింద మందంగా మోగాలి, పైకి వెళ్తే చీలకుండా నిలబడాలి. అందుకే ఇది కష్టమైన గొంతు అంటారు. ఒపెరాల్లో దేవుళ్లు, దయ్యాలు, రాజులు, కొంటె సేవకులు ఎక్కువగా ఈ గొంతువాళ్లకే వస్తారు.

మైకు లేకుండా ఎలా?

మన గొంతులో స్వరపేటిక ఉంటుంది. దానిలో స్వరతంత్రులు ఉంటాయి. ఊపిరి తగిలితే అవి అదురుతాయి. బాస్-బారిటోన్ బాగా కింది స్వరం పాడినప్పుడు అవి సెకనుకు సుమారు 87 సార్లు అదురుతాయి. పై స్వరంలో 350 దాకా పోతాయి.

అరిస్తే వినపడుతుంది అనుకుంటాం గాని అది నిజం కాదు. అరిస్తే గొంతు పోతుంది, అంతే. ఒపెరా గాయకులు ముందు ఊపిరి నేర్చుకుంటారు. ఉదరవితానం, పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు పట్టి ఊపిరిని కొంచెం కొంచెంగా వదులుతారు. తర్వాత గొంతులోని ఖాళీని ఎలా ఉంచాలో నేర్చుకుంటారు. అలా శిక్షణ పొందిన మగ గొంతులో 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక ప్రత్యేకమైన మోత పుడుతుంది. వాద్యబృందం చప్పుడు ఎక్కువగా 500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి గాయకుడి మోత ఆ చప్పుడును చీల్చుకుని వస్తుంది. రేకుల షెడ్డు మీద జోరువాన పడుతున్నా ఈల వేస్తే వినపడుతుంది కదా, అలాంటిదే ఇది.

పొలం ఇంటి పిల్లాడు

బ్రిన్ 1965 నవంబర్ 9న వేల్స్‌లో పాంట్ గ్లాస్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. వేల్స్ అనేది బ్రిటన్‌లో ఒక భాగం. ఇంగ్లండుకు పడమటి వైపు ఉంటుంది. అమ్మా నాన్నా రైతులు. గొర్రెలు, పశువులు పెంచేవాళ్లు. ఇంట్లో మాట వెల్ష్. ఇంగ్లీషు తర్వాత నేర్చుకున్నదే.

వేల్స్‌లో ‘ఐస్టెధ్‌వోద్’ అనే పోటీలు జరుగుతాయి. కవిత్వం, పాట, నాటకం అన్నీ ఉంటాయి, అన్నీ వెల్ష్‌లోనే. పల్లెల్లో చిన్నవి, దేశం మొత్తానికి పెద్దది. బ్రిన్ చిన్నప్పటి నుంచి ఈ పోటీల్లో పాడి ప్రైజులు కొట్టారు. అంటే ఆయన మొదటి స్టేజీ సొంత భాష స్టేజీ. లండన్ తర్వాత వచ్చింది.

1984లో లండన్‌లో గిల్డ్‌హాల్ అనే సంగీత కళాశాలలో చేరారు. అసలు పేరు బ్రిన్ టెర్వెల్ జోన్స్. అప్పటికే బ్రిన్-జోన్స్ అనే ఇంటిపేరుతో ఇంకో వెల్ష్ గాయకుడు ఉన్నారు. ఇద్దరూ కలిసిపోకూడదని ఈయన జోన్స్ తీసేశారు.

1989లో కార్డిఫ్‌లో ప్రపంచ గాయకుల పోటీ జరిగింది. అక్కడ ఈయనకూ, సైబీరియా నుంచి వచ్చిన ద్మిత్రి హ్వొరొస్తోవ్‌స్కీకీ గట్టి పోటీ నడిచింది. దానిని ‘బారిటోన్ల యుద్ధం’ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద ప్రైజు హ్వొరొస్తోవ్‌స్కీకి వెళ్లింది. బ్రిన్‌కు కవితాగీతాల ప్రైజు వచ్చింది. సొంత దేశంలో, సొంత జనం ముందు పెద్ద ప్రైజు రాలేదు. అయినా ఆ ఇద్దరూ ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు.

మెట్టు మెట్టుగా

1990లో వెల్ష్ నేషనల్ ఒపెరాలో మొదటి వేషం వేశారు. మోజార్ట్ రాసిన ‘కోసీ ఫాన్ తుత్తే’లో గుగ్లియెల్మో పాత్ర. 1992లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో ‘సలోమే’ ఒపెరాలో యోహాను ప్రవక్త పాత్ర పాడారు. దాంతో పెద్ద పెద్ద హాళ్లవాళ్లు పిలవడం మొదలుపెట్టారు. 1994లో న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో ఫిగారో. ఫిగారో అంటే దొర ఎత్తులకు పైఎత్తు వేసే తెలివైన సేవకుడు. 1999లో లండన్ రాయల్ ఒపెరా హౌస్‌ను బాగుచేసి తిరిగి తెరిచినప్పుడు ఫాల్‌స్టాఫ్.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కింది స్థాయి గొంతు ఆలస్యంగా పండుతుంది. ఇరవై అయిదేళ్ల వయసులో బరువు పాత్రలు పాడితే గొంతు దెబ్బతింటుంది. అందుకని ముందు మోజార్ట్ పాత్రలు పాడతారు, వాగ్నర్ పాత్రలకు ఆగుతారు. వాగ్నర్ రాసిన ‘రింగ్’ నాలుగు రాత్రుల నాటకం, మొత్తం సుమారు 15 గంటలు. అందులో వోటాన్ అనే దేవుడు మూడు రాత్రులు కనబడతాడు. బ్రిన్ ఆ వోటాన్ పాత్రను మొదలుపెట్టింది 2004లో, 39 ఏళ్ల వయసులో. అప్పటికి స్టేజీ ఎక్కి పద్నాలుగేళ్లు! ‘మైస్టర్‌సింగర్’లో చెప్పులు కుట్టే కవి హాన్స్ సాక్స్ పాత్ర ఇంకా పెద్దది. అది 2010లో కార్డిఫ్‌లో పాడారు.

అన్నీ పొగడ్తలే అనుకోకండి. 2007లో లండన్‌లో మొత్తం ‘రింగ్’ పాడవలసి ఉండగా మానుకున్నారు. చిన్న కొడుకు వేలికి దెబ్బ తగిలి ఆపరేషన్లు అవసరమయ్యాయి. నాటకం దగ్గరపడిన టైములో ఇలా చేయడం తప్పని విమర్శలు వచ్చాయి. టికెట్ కొన్నవాళ్ల బాధ నిజమే, తండ్రి బాధా నిజమే. మీరైతే ఏం చేసేవారో ఆలోచించండి.

మెడలో చెక్క ముక్క

19వ శతాబ్దంలో వేల్స్‌లో కొన్ని బడుల్లో ‘వెల్ష్ నాట్’ అనే శిక్ష ఉండేది. బడిలో వెల్ష్ మాట్లాడి దొరికిన పిల్లవాడి మెడలో ఒక చెక్క ముక్క వేలాడదీసేవాళ్లు. ఇంకొకడు దొరికితే అది వాడి మెడలోకి మారేది. బడి వదిలే టైముకు ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. అంటే పిల్లలే పిల్లల మీద నిఘా పెట్టాలన్నమాట. 1911లో వేల్స్‌లో నూటికి 43 మంది వెల్ష్ మాట్లాడేవాళ్లు. 2021 జనాభా లెక్కల్లో నూటికి 18 మంది కూడా లేరు. శిక్ష ఒక్కటే కారణం కాదు. పనుల కోసం జనం ఇటూ అటూ వలస పోవడం, ఉద్యోగాలు ఇంగ్లీషులో ఉండడం కూడా కారణాలే. అయినా భాష చావలేదు. ఇళ్లల్లో, ప్రార్థనా మందిరాల్లో, ఐస్టెధ్‌వోద్ స్టేజీల మీద బతికింది.

ఇప్పుడు చూడండి. 2023 మే 6న లండన్‌లో మూడవ చార్లెస్ రాజు పట్టాభిషేకం జరిగింది. అక్కడ బ్రిన్ టెర్వెల్ ఒక ప్రార్థన గీతం పాడారు. సంగీతం కట్టింది పాల్ మీలర్ అనే వెల్ష్ సంగీతకారుడు. భాష వెల్ష్! బ్రిటిష్ పట్టాభిషేకంలో వెల్ష్ పాట వినిపించడం అదే మొదటిసారి. ఒకప్పుడు బడిలో మాట్లాడితే దెబ్బలు పడిన భాష రాజుగారి ముందు పాటై నిలబడింది.

బ్రిన్ ఇటాలియన్‌లో ఫిగారో పాడారు, జర్మన్‌లో వోటాన్ పాడారు, ఇంగ్లీషులో కచేరీలు చేశారు. ఈ మూడూ కష్టపడి నేర్చుకున్నారు. కాని వెల్ష్ పాటలు మానలేదు, రికార్డులు కూడా చేశారు. 2017లో ‘సర్’ బిరుదు వచ్చింది. వెల్ష్ పిల్లల్లో పోటీలో గెలిచినవారికి ఇచ్చే ఒక స్కాలర్‌షిప్ ఆయన పేరు మీదే ఉంది.

మనం ఏం చేయొచ్చు?

తెలుగు బాగా నేర్చుకోవాలి, ఇంగ్లీషూ నేర్చుకోవాలి. పరీక్షలు ఆ భాషల్లోనే ఉన్నాయి. కాని అవి నేర్చుకోవడానికి కోయ, గోండి, సవర, కువి మరిచిపోవాల్సిన పని లేదు. ఒకటి వస్తే ఒకటి పోవాలనే రూలు ఏ గొంతుకూ లేదు.

ఇంకో మాట. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మగపిల్లల గొంతు మారుతుంది. స్వరపేటిక పెరిగి స్వరతంత్రులు పొడవవుతాయి, గొంతు ఒక స్థాయి కిందికి దిగుతుంది. కొన్ని నెలలు బొంగురుగా, చీలిపోతూ ఉంటుంది. అలాంటివాడు ప్రేయర్‌లో పాడుతుంటే నవ్వకండి. వాడూ ఆ టైములో గట్టిగా అరవకుండా, మంచినీళ్లు బాగా తాగుతూ ఉంటే చాలు.

చివరగా వార్డెన్ సార్లకు ఒక విన్నపం. శనివారం సాంస్కృతిక కార్యక్రమంలో సినిమా పాటలతో పాటు ఎవరి ఇంటి భాషలో వాళ్లు పాడే ఒక పాటకు చోటు ఇప్పించండి. మైకు లేకపోయినా పర్వాలేదు సార్, డైనింగ్ హాలు చివర దాకా వినపడేట్టు పాడతాం.