కాలి బీపీ ఎక్కువ వస్తే మంచిదేనా?

ఒక పాఠకురాలి ప్రశ్న: "మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగరు. ఈమధ్య కాళ్లకు బీపీ చూసి నిష్పత్తి 1.5 వచ్చిందన్నారు. 0.9 కంటే తగ్గితే ప్రమాదమని చదివాను. మరి 1.5 అంటే కాళ్లకు రక్తం బాగా అందుతున్నట్టే కదా?"

కాదండీ. ఎందుకు కాదో తెలియాలంటే ముందు పరీక్ష సంగతి చూడాలి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి చీలమండకు కాస్త పైన బీపీ పట్టీ చుడతారు. చీలమండ లోపలివైపు ఎముక వెనక జెల్ రాసి డాప్లర్ పరికరం ఆనిస్తే నాడి 'హుష్ హుష్' మని వినిపిస్తుంది. పట్టీలోకి గాలి కొడితే చప్పుడు ఆగిపోతుంది. మెల్లగా గాలి వదులుతుంటే ఒకచోట మళ్లీ మొదలవుతుంది. ఆ అంకెను చేతి దగ్గరి పై బీపీతో భాగిస్తారు. 1.0 నుంచి 1.4 వరకు మామూలే. 0.9కి దిగిందంటే పైన ఎక్కడో ధమని పూడుకుంటోందని అర్థం. వయసు, పొగతాగడం, షుగరు, హై బీపీ, కొలెస్టరాల్ దీనికి కారణాలు. వాటి గురించి ఎన్నోసార్లు చదివే ఉంటారు. నాకు ఎంతకీ తనివి తీరనిది 1.4కి పైన జరిగే కథ.

పట్టీకి లోపలి రక్తపు ఒత్తిడి నేరుగా తెలియదు. ధమనిని నొక్కి మూయడానికి ఎంత బలం పట్టిందో అంతే దానికి తెలుసు. గోడ మెత్తగా ఉన్నంతవరకు ఈ రెండూ ఇంచుమించు ఒకటే. సైకిల్ ట్యూబును వేళ్లతో నొక్కేయొచ్చు, పీవీసీ పైపును నొక్కలేం. షుగరుతో, కిడ్నీ జబ్బుతో ఏళ్లు గడిపిన ధమని ఆ పైపులా తయారవుతుంది. అప్పుడు పట్టీ చూపే పెద్ద అంకె గోడ గట్టిదనానిదే.

ధమని గోడ మధ్యపొరలో ఇలా కాల్షియం పేరుకోవడాన్ని జర్మన్ వైద్యుడు మోంకెబెర్గ్ 1903లో వర్ణించాడు. కొవ్వు పూడిక ధమని లోపలి పొరలో మొదలవుతుంది. ఇది మధ్యపొర జబ్బు, రక్తం పారే దారి చాలాకాలం తెరిచే ఉంటుంది. అందుకే దశాబ్దాలపాటు వైద్యులు దీన్ని వయసుతో వచ్చే మార్పని, హాని లేనిదని వదిలేశారు. అంతా దారి వెడల్పు చూశారు, గోడను పట్టించుకోలేదు. రక్తంలో కాల్షియం ఎక్కువై దానంతటదే గోడకు పట్టేస్తుందనుకోవడం ఇంకో పొరపాటు.

అసలు జరిగేది ఒళ్లు జలదరించే సంగతి. మధ్యపొరలోని కండర కణాలు తమ పని మానేసి ఎముక కణాల్లా ప్రవర్తిస్తాయి. ప్రయోగశాలలో ఫాస్ఫేట్ ఎక్కువున్న ద్రావణంలో పెంచితే ఈ కణాలు రంక్స్2 అనే జన్యువును మేల్కొలుపుతాయి. ఆ జన్యువు లేకుండా పుట్టిన ఎలుకపిల్లల్లో ఎముకే కట్టదు! కిడ్నీలు పాడైనవారి రక్తంలో పేరుకునేది ఆ ఫాస్ఫేటే. 1997లో ఇంకో ముక్క దొరికింది. కాల్షియం చేరకుండా కాపలా కాసే ఎంజీపీ అనే ప్రోటీన్‌ను ఎలుకల్లో తీసేస్తే, ధమనులు గట్టిపడి చిట్లి, ఆ ఎలుకలు రెండు నెలల్లోపే చచ్చిపోయాయి. అంటే ధమని మెత్తగా ఉండటం కూడా ఒళ్లు రోజూ చేసుకునే పనే. ఆ కాపలా సడలితే గోడ ఎముక దారి పడుతుంది.

ఇది హాని లేనిదేనా? అమెరికా ఆదివాసులపై జరిగిన స్ట్రాంగ్ హార్ట్ అధ్యయనం 2004లో జవాబిచ్చింది. నిష్పత్తి తక్కువున్నవారిలోనే కాదు, 1.4 దాటినవారిలోనూ మరణాలు ఎక్కువ. షుగరుకు రెండు వైపులతోనూ సంబంధం ఉంది. పొగకు మాత్రం ప్రధానంగా కిందివైపుతోనే.

ఇందులో మరో చిక్కుంది. పైన ధమని పూడుకున్నా, కింద గోడ గట్టిపడితే అంకె పెరిగి మామూలుగా కనిపించవచ్చు. షుగరు ఉన్నవారికి "1.1, బాగానే ఉంది" అని కాగితం చేతికిచ్చి పంపేస్తే నాకు బాధగా ఉంటుంది. కాలివేళ్ల సన్న ధమనులకు ఈ జబ్బు అంతగా పట్టదు కాబట్టి, బొటనవేలికి చిన్న పట్టీ చుట్టి తీసే బీపీ నిజానికి దగ్గరగా ఉంటుంది.

అమ్మా, మీ నాన్నగారికి ఆ బొటనవేలి పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి. ఈలోగా ఆయన పాదాలు రోజూ చూస్తూ, చిన్న పుండు కనిపించినా వెంటనే చూపించండి.