దూరము వేరు, కాలము వేరు

నేడు తెలుగునాట అనేక కుటుంబముల బిడ్డలు కాలిఫోర్నియాలో నున్నారు. బిడ్డ విమానమెక్కిన నాడు ఇంటివారి చూపంతయు గడియారము మీదనే యుండును. ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంత, ఎన్ని గంటలు పట్టునని లెక్కలు వేయుచుందురు. దూరము తెలిసినచో కాలము తెలియుననుట రైలుబండికి కొంతవరకు చెల్లును, విమానమునకు చెల్లదు. ఏల చెల్లదో మనము విచారింతము.

మొదట దూరము సంగతి. పాఠశాలలోని భూగోళముపై ఈ రెండు నగరముల నడుమ ఒక దారమును బిగించి చూడుడు. అది సముద్రము మీదుగా అడ్డముగా పోదు. దాదాపు ఉత్తరముగా సాగి, హిమాలయములను, సైబీరియాను దాటి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశము వఱకు ఎక్కి, అలాస్కా మీదుగా దిగును. ఆ దూరము సుమారు 12,400 కిలోమీటర్లు. ఇంతకన్న దగ్గర దారి లేదు.

అయినను విమానములు ఆ దారము వెంట పోవుట లేదు. విమానములో గాలి ఒత్తిడి అకస్మాత్తుగా పడిపోయినచో, అది వెంటనే సుమారు 10,000 అడుగుల ఎత్తునకు దిగవలెను. క్రింద నున్న టిబెట్ పీఠభూమి అంతకన్న ఎత్తైనది. ఇక దిగుట యెట్లు? కావున చుట్టుదారి తప్పదు.

ఇక కాలము. 30,000 అడుగులకు పైన పడమటినుండి తూర్పునకు వడిగా వీచు వాయుప్రవాహములు కలవు. చలికాలమున వీని వేగము గంటకు 300 కిలోమీటర్లు మించుటయు కలదు. గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోవు విమానమునకు 120 కిలోమీటర్ల గాలి వెనుకనుండి తోడైనచో, నేలమీది లెక్కకు దాని వేగము 1,020 అగును. అదే గాలి ఎదురైనచో 780 మాత్రమే. 12,000 కిలోమీటర్ల దూరమును మొదటిది 12 గంటల లోపున, రెండవది 15 గంటలకు పైన ముగించును. ఏటివాలున పోవు పడవకును, ఏటికి ఎదురేగు పడవకును గల భేదమే యిది.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా సంస్థ, అంతవఱకు అట్లాంటిక్ మీదుగా పోవుచుండిన తన శాన్‌ఫ్రాన్సిస్కో విమానమును పసిఫిక్ మీదుగా తూర్పునకు నడిపెను. దారి సుమారు 13,900 కిలోమీటర్లనుండి 15,300 కిలోమీటర్లకు పెరిగెను. పట్టిన కాలము మాత్రము తగ్గి, సుమారు 14½ గంటలయ్యెను. దారి పెరిగినను గాలి తోడ్పడినది.

భూమి తిరుగుటవలననే ఈ భేదము కలుగుచున్నదని కొందఱి తలంపు. అది సరికాదు. భూమితోబాటు గాలియు తిరుగుచున్నది. విమానము ఆ గాలిలోనిదే. పరుగిడు రైలుపెట్టెలో పైకెగురవేసిన నాణెము మరల చేతిలోనే పడును గాని వెనుక పెట్టెలో పడదు గదా!

గడియారము మరియొక చిక్కు తెచ్చును. శీతకాలమున శాన్‌ఫ్రాన్సిస్కో కాలము మనకన్న 13½ గంటలు వెనుక. ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి 14½ గంటలు పయనించినవారు అచ్చట అదే తేదీన 5 గంటలకే దిగుదురు. టిక్కెట్టు చూచినవారికి అది గంట ప్రయాణమువలె తోచును. మన ఇంట అప్పటికి సాయంత్రము 6½ గంటలు.

కావున క్షేమవార్తకై వేచియుండు తల్లిదండ్రులు విమానము చేరు వేళను మన కాలమునకు మార్చి వ్రాసికొనుట మేలు. ఎదురుగాలికై మరియొక గంట విడిచిపెట్టవలెను. నిన్నటికన్న నేడు విమానము ఆలస్యమైనంత మాత్రమున బెంగ పడనక్కరలేదు. ఆకాశమున గాలి మాఱి యుండవచ్చును.