సర్కారు ఆసుపత్రిలో రెండవ దినం ఎందుకు పోవలసివస్తుంది?

ఒడిశాలో గంజాం జిల్లా సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు బరంపురం పెద్దాసుపత్రికి పోవడమంటే ఒక దినం కూలి పోగొట్టుకోవడమే. ఒడియా అక్షరాలు చదవరాని నాయనమ్మకు తోడుగా బడికి పోవలసిన మనవడు బస్సెక్కుతాడు. ఆనాడు హాజరు పట్టీలో అతడు గైర్హాజరు. తరచుగా మరునాడు కూడా అంతే. ఆ రెండవ దినం ఎందుకు అవసరమవుతున్నదో తెలిస్తే దానిని కొంతవరకైనా తప్పించవచ్చు.

సర్కారు ఆసుపత్రిలో వరుస ఒక్కటి కాదు, నాలుగు. మొదటిది ఓపీ చీటీకి, రెండవది వైద్యునికి, మూడవది రక్తపరీక్షకు, నాలుగవది మందులకు. వైద్యుడు పరీక్ష వ్రాసేసరికి మధ్యాహ్నం కావస్తుంది. ఫలితం చేతికి వచ్చేవేళకు ఓపీ ముగుస్తుంది. పరగడుపున చేయవలసిన చక్కెర పరీక్షయితే ఆనాడు అసలే వీలుపడదు.

ఇంత రద్దీకి మూలం మరొకచోట ఉన్నది. 1946లో భోర్ కమిటీ సూచించిన పద్ధతిలో వైద్యం మెట్లు మెట్లుగా అందాలి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది నియమం. చివరి మెట్టులో శస్త్రవైద్యుడు, స్త్రీల వైద్యుడు, పిల్లల వైద్యుడు ఉండాలి. కాని 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలలో నిపుణ వైద్యుల కొరత సుమారు 80 శాతం. నడిమి మెట్టు విరిగినందున జ్వరగ్రస్తుడూ గుండె జబ్బువాడూ ఒకే వరుసలో నిలుస్తున్నారు.

ఈ స్థితిలో కుటుంబాలు చేయదగినవి కొన్ని ఉన్నవి. రక్తపోటు, చక్కెర వ్యాధులకు నెలనెలా మందుల కోసం పట్టణం పోకుండా, అవి తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకునేమో ముందుగా ఆశా కార్యకర్తను అడగాలి. అక్కడ చేయగల పరీక్షలు అక్కడే చేయించుకొని, ఫలితాలతోను రెఫరల్ చీటీతోను పెద్దాసుపత్రికి పోతే మూడవ వరుస తగ్గుతుంది. పరగడుపు పరీక్ష ఉండవచ్చునని అనుమానముంటే ఏమీ తినకుండా బయలుదేరవచ్చునా అని ముందే కనుక్కోవాలి. పాత చీటీలన్నీ తేదీల వరుసలో ఒకే సంచిలో ఉంచాలి. ఆభా సంఖ్య ఉన్నవారు, వసతి ఉన్న ఆసుపత్రులలో, ఫోనుతో క్యూఆర్ గుర్తును స్కాన్ చేసి ఓపీ టోకెన్ పొందవచ్చును.

ప్రమాదానికి వరుస లేదు. గాయపడినవానికి ముందు చికిత్స, తరువాతనే తక్కిన తంతు అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. సకాలంలో చికిత్స అందించకపోవడం జీవించే హక్కును భంగపరచడమేనని 1996లో మరొక తీర్పు చెప్పింది. రోగి ఏ రాష్ట్రపువాడన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు.

అయితే ఖాళీ కుర్చీలో వైద్యుని కూర్చోబెట్టడం కుటుంబాల చేతిలోని పని కాదు. అది ప్రభుత్వ బాధ్యత. ఆసుపత్రులకు రోగి కల్యాణ సమితులున్నవి. వాటిలో స్థానిక ప్రజాప్రతినిధులు కూడా ఉంటారు. ఏ గదిలో ఏ వైద్యుడో, పరీక్ష ఫలితం ఎన్ని గంటలకు ఇస్తారో తెలుగులో కూడా ఒక పలక వ్రాయించమని గ్రామస్థులు వారిని అడగవచ్చును. ఖర్చు స్వల్పం. ఆ పలక ఉన్ననాడు, అక్షరాలు వచ్చిన కోడలో కొడుకో తోడుంటే చాలు. మనవడు బడిలో ఉంటాడు.