తప్పు కోడలిది కాకపోవచ్చు!

హార్స్లీ హిల్స్: కొత్తగా పెళ్ళయిన జంటలు ఈ కొండ ఎక్కిపోవడం మన ప్రాంతంలో మామూలే. పూర్వం ఏనుగు మల్లమ్మ కొండగా పిలిచే ఈ చోటి చల్లదనానికి ముచ్చటపడి, కడప కలెక్టరు హార్స్లీ దొర పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ బంగళా కట్టుకున్నాడు. గాలిబండ మీద ఫొటోలు దిగే ఈ జంటల్లో కొందరు రెండు మూడేళ్ళు తిరిగేసరికి మదనపల్లెలోనో, పుంగనూరులోనో ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కనబడతారు. పిల్లలు లేరన్న దిగులు. ముందుగా లోపలికి పంపేది భార్యనే. స్కానింగులు, రక్తపరీక్షలు, మొక్కులు, ఉపవాసాలు అన్నీ ఆమెకే. అత్తగారి సూటిపోటి మాటలు సరేసరి. భర్తను అడగవలసిన ప్రశ్న మాత్రం చాలా ఇళ్ళలో ఎవరూ అడగరు. అతనంతట అతను చెప్పడు.

కాపురంలో అతనికి వీర్యస్ఖలనం అవుతోందా, లేదా అన్నదే ఆ ప్రశ్న.

శీఘ్రస్ఖలనం గురించి బస్టాండు గోడల నిండా రాతలే. దానికి తలకిందులైన సమస్య ఒకటుందని చాలామందికి తెలియదు. కోరిక ఉంటుంది, అంగస్తంభన ఉంటుంది, ఎంతసేపటికీ స్ఖలనం మాత్రం కాదు. కొందరికి అసలే కాదు. వైద్యులు దీనిని విలంబ స్ఖలనం అంటారు. స్నేహితులకు చెప్పుకుంటే "నీ అంత అదృష్టవంతుడు లేడు" అని నవ్వుతారు. ఇంట్లో భార్య, తానంటే ఇష్టం లేదేమో అని లోలోపల కుమిలిపోతుంది. ఇద్దరికీ నిద్ర ఉండదు.

మొదటి నుంచీ ఇలా ఉండేవారు అరుదు. మధ్యలో వచ్చిందంటే కారణం వెతకవలసిందే. మధుమేహం ఏళ్ళ తరబడి అదుపు తప్పితే స్ఖలనాన్ని నడిపే నరాలు దెబ్బతింటాయి. వెన్నుపూస దెబ్బలు, థైరాయిడ్ మందగించడం, వయసు, మద్యం కూడా కారణాలే. ఒకే తీరు హస్తప్రయోగానికి, మరీ గట్టి పట్టుకు అలవాటుపడ్డవారికి కాపురంలో ఆ స్పర్శ చాలదు. "ఈ తేదీనే కలవాలి" అని క్యాలెండరు చూసుకుని భయంభయంగా కలిసేవారికీ ఇదే ఇబ్బంది.

అయితే పెద్ద దొంగ చాలాసార్లు జేబులోనే ఉంటాడు. అది వాడుతున్న మాత్ర. దీని వెనుక ఒక కథ ఉంది, మనకు దగ్గరి కథే. వందేళ్ళు దాటిన ఆరోగ్యవరం శానటోరియం పుణ్యమా అని క్షయ మందుల సంగతి మదనపల్లె వారికి కొత్త కాదు. 1952 ప్రాంతంలో న్యూయార్కులోని ఒక క్షయ ఆసుపత్రిలో ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇస్తే, రోగులు అనుకోనంత హుషారుగా తయారయ్యారు. దిగులుకు మందులు ఉంటాయన్న ఆలోచన అక్కడ బలపడింది. ఆ మందు కాలేయాన్ని దెబ్బతీస్తోందని తర్వాత మూలపడింది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లువోక్సెటిన్, ఆ కోవలోని సెర్ట్రలిన్, పరోక్సెటిన్ నేడు విరివిగా వాడుకలో ఉన్నాయి. ఇవి మెదడులో సెరటోనిన్ ప్రభావాన్ని పెంచి దిగులు తగ్గిస్తాయి. అదే సెరటోనిన్ స్ఖలనానికి పగ్గం వేస్తుంది. శీఘ్రస్ఖలనానికి ఇచ్చే డపాక్సెటిన్ పని చేసేదీ ఈ గుణంతోనే. ఒకరికి మందు, మరొకరికి జబ్బు! 'టైమింగు' కోసమని ఇవి, మొద్దుబార్చే స్ప్రేలు, నొప్పిమాత్ర ట్రమడాల్ సొంతంగా వాడేవారు తమ సమస్యను తామే కొనుక్కుంటున్నారు.

అలాగని దిగులు మందును ఒక్కసారిగా మానేయకూడదు. తలతిరుగుడు, ఆందోళన వస్తాయి, అసలు జబ్బు తిరగబెడుతుంది. వ్రాసిన డాక్టరే మోతాదు తగ్గించవచ్చు, లేదా ఈ ఇబ్బంది తక్కువగా ఉండే బుప్రోపియాన్, మిర్టజపిన్ వంటి వాటికి మార్చవచ్చు.

ఇక మందుల మాట. ఈ సమస్యకే అని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. క్యాబర్గోలిన్, అమాంటడిన్, బుస్పిరాన్ వంటివి వైద్యులు ప్రయత్నించి చూస్తారు. కొందరికి పనిచేస్తాయి, కొందరికి లేదు. పిల్లలకు ఆకలి పుట్టడానికి ఇచ్చే సైప్రోహెప్టడిన్‌నూ వాడి చూశారు, మగత దాని లోపం. బుప్రోపియాన్ మూర్ఛ ఉన్నవారికి పనికిరాదు. సిల్డెనఫిల్ స్తంభనకే గాని దీనికి కాదు, గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వేసుకునేవారికి ప్రమాదం కూడా. మందుకన్నా దంపతులిద్దరికీ కలిపి ఇచ్చే సలహాచికిత్స, అలవాటు మార్చుకోవడమే చాలామందికి మేలు చేసేవి.

రోడ్డు పక్క గుడారంలో భస్మాలు, లేహ్యాలు అమ్మేవారి సంగతి చెప్పాలా? లైంగిక శక్తి పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడలకు ఆ చట్టం తెలిసినట్టు లేదు.

కొందరిలో స్ఖలనం అయినా వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. మధుమేహం, ప్రొస్టేటు మందులు, ఆపరేషన్లు ఇందుకు కారణాలు. ఆ తర్వాత పోసిన మూత్రాన్ని పరీక్షిస్తే వీర్యకణాలు బయటపడతాయి. వాటిని శుద్ధి చేసి గర్భం వచ్చేలా చేసే పద్ధతులున్నాయి. అసలు స్ఖలనమే లేనివారి వృషణాల నుంచి సైతం కణాలు తీయగలుగుతున్నారు.

కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్యకళాశాల ఆసుపత్రి ఉంది. తిరుపతి స్విమ్స్, వేలూరు సి.ఎం.సి.లలో మూత్రవ్యాధుల విభాగాలున్నాయి. వెళ్ళేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళాలి. భర్త వాడుతున్న మాత్రల అట్టలన్నీ, దాచుకున్నవి సహా, ఒక సంచిలో వేసుకుని మరీ వెళ్ళాలి.