పాత పాటల మీది ప్రేమ - కొన్ని ఆలోచనలు

సాహిత్య సభ ముగిసి భోజనాల దగ్గర కూర్చున్నాక మన రచయితలు మాట్లాడుకొనే విషయాల్లో పాత సినిమా పాట ఒకటి. వేదికమీద దాన్ని వ్యాపార సరుకని తోసిపుచ్చినవారే విస్తరి ముందు పల్లవి ఎత్తుకుంటారు. పక్కనున్నవారు చరణం అందుకుంటారు. చివరికి ఎవరో ఒకరు "ఆ రోజుల్లో పాటంటే సాహిత్యమండీ, ఇప్పుడేముంది?" అంటారు. అందరూ తల ఊపుతారు. నేనూ ఊపినవాణ్ణే. ఈ తల ఊపడంలో విమర్శ ఎంత, జ్ఞాపకం ఎంత అన్నది తేల్చుకోవడం అవసరమనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

"ఆ రోజులు" అంటే ఏ రోజులు? మా నాన్నగారికి అవి ఘంటసాల రోజులు. 1974లో ఘంటసాల పోవడంతో తెలుగు పాట కూడా పోయిందని ఆయన లెక్క. నాకు అవి 'గీతాంజలి' (1989) నుంచి 'రోజా' (1992) దాటి మరికొన్నేళ్లు. 'రోజా' క్యాసెట్టు మా ఇంట్లో మొదటిసారి మోగినప్పుడు నాన్నగారు "పాటా ఇది? డబ్బాలో రాళ్లు పోసి ఊపుతున్నట్టుంది" అన్నారు. ముప్పయ్యేళ్ల తర్వాత మా బడి పిల్లల పాట విని నా నోటివెంట వచ్చిన మాట ఇంచుమించు అదే. పదో ఏటికీ ముప్పయ్యో ఏటికీ మధ్య జరిగినవి మనిషికి తక్కిన వయసులో జరిగినవాటికంటే ఎక్కువగా గుర్తుంటాయని మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు గమనించారు. కాబట్టి ప్రతి తరానికీ స్వర్ణయుగం సరిగ్గా తన పడుచుతనంలోనే వచ్చిపడడం వింతేమీ కాదు.

అయితే వయసు సంగతి ఒక్కటే చెబితే సగం చెప్పినట్టే. ఆ పాట మనదాకా ఏ దారిన వచ్చిందన్నది మిగతా సగం. 1952లో, కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉండగా, ఆకాశవాణి సినిమా పాటను దాదాపు వెలివేసింది. శ్రోతలు రేడియో సిలోన్ పట్టుకున్నారు. వారిని వెనక్కి తెచ్చుకోవడానికి 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టవలసి వచ్చింది. మా చిన్నతనం నాటికి మా ఊళ్లో పాటంటే విజయవాడ కేంద్రం వేసినప్పుడు వినవలసిందే. మనం కోరినది కాదు, వాళ్లు వేసినది. ఆ తర్వాత క్యాసెట్టు వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తయారుచేసిన ఈ వస్తువు మన దేశంలో ఎనభయ్యో దశకంలో గాని ఊరూరా చేరలేదు. అంతవరకు హెచ్.ఎం.వి. వంటి ఒకటి రెండు పెద్ద కంపెనీల చేతిలో ఉన్న పాటల వ్యాపారాన్ని అది చిన్న చిన్న దుకాణాలదాకా దించింది. ఉత్తర భారతానికి సంబంధించి ఈ కథను పీటర్ మాన్యుయెల్ 1993లో ఒక పుస్తకంగా రాశాడు. తెలుగు నేలమీద మాత్రం సినిమా పాటా, భక్తి పాటా, గద్దర్ పాటా ఒకే దుకాణంలో పక్కపక్కన అమ్ముడుపోయిన ఆ కాలాన్ని గురించి రావలసినంత పని ఇంకా రాలేదు.

నందిగామలో రికార్డింగు షాపు ఉండేది. కావలసిన పాటలు చీటీమీద రాసిస్తే రెండు రోజుల్లో క్యాసెట్టు నింపి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టు, పక్కకు ముప్పయి. ముప్పయ్యో నిమిషానికి నడుస్తున్న పాట ఎక్కడుంటే అక్కడ తెగిపోయేది. అలా రెండో చరణం మధ్యలో తెగిన పాట ఒకటుంది. ఇప్పుడు ఎక్కడైనా ఆ పాట పూర్తిగా వినిపిస్తే, తెగినచోటు దాటాక అది నాది కాదనిపిస్తుంది. నేను ప్రేమించినది కవి రాసిన పాటను మాత్రమే కాదన్నమాట. ఆ తెగిన టేపునూ, పెన్సిలు దూర్చి దాన్ని చుట్టుకున్న మధ్యాహ్నాలనూ కూడా కలిపి ప్రేమించాను.

మా అక్క దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. పదో తరగతితో చదువు మాన్పించాక, పెళ్లయ్యేదాకా, రేడియోలో వచ్చే పాటలన్నీ అందులో రాసుకుంది. ఒకసారి వినగానే పాటంతా దొరకదు. దొరకని మాట చోట చుక్కలు పెట్టి, ఆ పాట మళ్లీ వేసేదాకా వారాల తరబడి కాచుకునేది. కొన్నిచోట్ల చుక్కలు అలాగే ఉండిపోయాయి. కొన్నిచోట్ల తప్పు విని తప్పే రాసింది. ఆ తప్పుల్లో రెండు మూడు అసలు మాటకంటే బాగున్నాయని తెలుగు ఎం.ఏ. చదివిన తమ్ముడిగా ధ్రువీకరించగలను.

ఈమధ్య ఆ పుస్తకం మొదటినుంచి చివరదాకా చదివాను. నా జ్ఞాపకంలోని స్వర్ణయుగానికి అందులో పెద్ద దెబ్బ తగిలింది. సగం పాటలు నాకు గుర్తే లేవు. గుర్తులేని వాటిలో చాలావాటిని మరిచిపోవడమే న్యాయం. వెంటబడి వేధించడమే ప్రేమ అని చెప్పేవి, ఆడదాని ఒంటిని బజారు సరుకులా వర్ణించేవి, రెండర్థాల మాటలతో నడిచేవి, అన్నీ మా అక్క గుండ్రని అక్షరాల్లో పొందికగా కూర్చుని ఉన్నాయి. ఇప్పటి పాటలమీద మనం మోపే నేరాలన్నీ అప్పుడూ ఉన్నాయి. కాలం జల్లెడ పట్టింది. మిగిలిన నాలుగు గింజలు చూపించి పంటంతా ఇదేనంటున్నాం. "ఇవన్నీ ఎలా రాశావక్కా?" అంటే, "అర్థం ఎవరు చూశార్రా, మాట జారిపోతుందేమోనని చూసుకున్నా గాని" అంది.

ఆ జవాబు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సినిమా పాటను కాగితంమీద పెట్టి పద్యంలా తూచడం మన విమర్శకు అలవాటు. పద్యంలా కనిపించినది గొప్పది, కనిపించనిది చెత్త. చెవినిబట్టి వచ్చే ఈ రచనను ఆ తూకం అందుకోలేదు. ఇందుకు మంచి ఉదాహరణ డబ్బింగ్ పాట. తమిళ 'రోజా'కు రాసిన వైరముత్తుకు జాతీయ బహుమతి వచ్చింది. అవే బాణీలకు తెలుగు మాటలు కూర్చిన రాజశ్రీ మీద ఒక్క సాహిత్య వ్యాసం కూడా నా కంటబడలేదు. ఆ పని ఎంత కష్టమో ఆలోచించండి. బాణీ మారదు. దగ్గరి నుంచి తీసిన దృశ్యంలో నటుడి పెదవులు ఎక్కడ మూతబడితే అక్కడ తెలుగులో ప, బ, మలలో ఏదో ఒకటి పడాలి. పెదవి తగలకుండా నిరోష్ఠ్య కావ్యాలు రాసిన కవులను మనం తరగతిలో మెచ్చుకుంటాం. ఇది దానికి తలకిందుల పని, పైగా గడువుకు అందించవలసిన పని. తమిళంలో చాలా మాటలు హల్లుతో ఆగుతాయి. మనది అజంత భాష, చివర అచ్చు పలికి తీరాలి. అక్కడ ఒక మాత్ర అదనంగా వచ్చి కూర్చుంటుంది. దానికి చోటు చేయాలంటే మాట కుదించాలి, లేదా సంధి చేసి తరవాతి మాటలోకి జార్చాలి. డబ్బింగ్ పాటల్లో వినిపించే ఎబ్బెట్టు పదక్రమానికి కవి చేతకానితనంకంటే ఇటువంటి నిర్బంధాలే ఎక్కువ కారణం.

ఈ పని మన పెద్దలు చేయనిదీ కాదు. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చినది 1950లో. హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన డబ్బింగ్ చిత్రం 'ఆహుతి'కి శ్రీశ్రీ మాటలూ పాటలూ రాసినదీ ఆ ఏడాదే. 'అల్లూరి సీతారామరాజు' (1974) పాటకు జాతీయ బహుమతి వచ్చింది కనుక దాన్ని సభల్లో తలుచుకుంటాం. 'ఆహుతి'ని పొట్టకూటి పని కింద జమకట్టి దాటేస్తాం. మాత్రల మీద అంత పట్టున్న కవికి పెదవుల కదలికకు మాట అమర్చడం ఏం నేర్పిందో ఎవరూ అడగలేదు. అడగవలసిన ప్రశ్న అనుకుంటాను.

పాత పాటమీద ప్రేమ ఉండడం తప్పనడం లేదు. నాకే వందల పాటలు నోటికి వచ్చు. పాఠం చెప్పే కావ్యాల్లో పట్టుమని ఇరవై పద్యాలు పుస్తకం చూడకుండా అప్పజెప్పలేను. ఈ తేడాకు సోమరితనం ఒక్కటే కారణమనుకుంటే తెలుసుకోవలసినది తెలుసుకోకుండానే పోతుంది. కాని ప్రేమను తీర్పుగా రాసిపెట్టుకోవడం వేరు.

పోయిన నెల మా పదో తరగతివారికి ఒక పని పెట్టాను. వాళ్లకు నచ్చిన కొత్త పాట ఒకటి, రెండేసార్లు వినిపించి, ఫోను చూడకుండా రాయమన్నాను. సగం మాటలకు చుక్కలు పెట్టారు. రెండో చరణంలో ఒక మాట దగ్గర తరగతి రెండుగా చీలిపోయింది. ఆడపిల్లలు ఒకటన్నారు, మగపిల్లలు ఒకటన్నారు. "మీరు చెప్పండి మాస్టారూ" అన్నారు. మూడోసారి పెట్టించుకుని చెవి ఒగ్గి విన్నాను. నాకు అది మూడో మాటగా వినబడింది.